ఇద్దరు స్నేహితులు, ఒకే పాట: విశాఖలో ఇంట్లోనే ఎలక్ట్రానిక్ సంగీతం చేసే పద్ధతి

ఏ ల్యాప్‌టాప్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఆ జవాబులన్నీ కింద ఉన్నాయి. అయితే ఇద్దరు కలిసి మొదలుపెట్టిన పాట సామాను తక్కువై ఆగిపోవడం అరుదు. ఎవరి వంతు ఎప్పుడో తేలకపోవడం వల్లే ఎక్కువగా ఆగుతుంది. ఇద్దరూ ఒకే పని మీద పడతారు, లేదా ఎదుటివాళ్లు చేస్తారులే అని ఇద్దరూ ఊరుకుంటారు. అందుకే ఈ పద్ధతినంతా వంతుల చుట్టూ రాశాను. వరుస మార్చకుండా చేసి చూడండి.

1. కంప్యూటర్ తెరవకముందే తేల్చుకోండి

ఒక సాయంత్రం ఇందుకే కేటాయించండి. బీచ్ రోడ్డులో నడుస్తూ మాట్లాడుకున్నా పర్వాలేదు. తేలిన విషయాలు మాత్రం వాట్సాప్‌లో ఇద్దరికీ కనిపించేలా రాసి ఉండాలి.

- ఎలాంటి పాట? ఇద్దరికీ నచ్చిన మూడు నమూనా పాటలు ఎంచుకోండి. "మంచి వైబ్ ఉండాలి" అనుకుంటే సరిపోదు.
- వేగం ఎంత? ఎలక్ట్రానిక్ సంగీతంలోని రకాల్లో హౌస్‌కి నిమిషానికి 120 నుంచి 130 బీట్లు, టెక్నోకి 125 నుంచి 140, డ్రమ్ అండ్ బేస్‌కి 170 నుంచి 175 మామూలు. మొదటి పాటకు 120 పెట్టుకోండి, లెక్కలు తేలికవుతాయి.
- ఏ రోజు, ఎవరింట్లో? ఒకరిది గాజువాక, ఇంకొకరిది మధురవాడ అయితే రోజూ సాయంత్రం కలుద్దామనుకోవడం దండగ. ట్రాఫిక్‌లోనే ఓపిక అయిపోతుంది. వారానికి ఒక పూట గట్టిగా కూర్చోండి.
- ఏ తేదీకి పూర్తి కావాలి?
- వాటా ఎంత?

వాటా మాట ఎత్తడానికి స్నేహితుల మధ్య మొహమాటం ఉంటుంది. అయినా ఇప్పుడే మాట్లాడండి. మన దేశపు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట బాణీ మీద ఒక హక్కు, రికార్డింగ్ మీద ఇంకో హక్కు ఉంటాయి. రెండింటిలో ఎవరికి ఎంతో విడివిడిగా రాసుకోవాలి. మొదటి పాటకు రెండూ సగం సగం పెట్టుకోవడమే నా సలహా. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారని లెక్కలు మొదలైతే సంగీతం వెనకపడుతుంది.

ఇక వంతుల నియమం. మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చేస్తారు, పక్కవాళ్లు వింటారు. 25 నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అది మోగగానే మౌస్ చేతులు మారాలి. వినేవాళ్ల దగ్గర ఒక నోట్‌బుక్ ఉండాలి. అనిపించింది అందులో రాసుకుని, తమ వంతు వచ్చాక చేసి చూపించాలి. మధ్యలో "అది కాదురా, ఇలా ఇవ్వు" అని మౌస్ లాక్కోకూడదు. ఒకే గరిటె ఇద్దరు పట్టుకుంటే కూర అడుగంటుతుంది.

2. సామాను: ఏది కావాలి, ఏది ఆగొచ్చు

కచ్చితంగా ఉండాల్సినవి:

- 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్. 16 జీబీ అయితే హాయి.
- వైరు ఉన్న హెడ్‌ఫోన్స్, ఒక్కొక్కరికి ఒకటి.
- చిన్న మిడి కీబోర్డు, అంటే ఏ మెట్టు నొక్కారో కంప్యూటర్‌కు చెప్పే పియానో మెట్ల పలక. 25 మెట్లు ఉన్నది చాలు.
- పాటంతా పెట్టుకోవడానికి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్, వీలైతే రెండు.

గొంతు గానీ వాయిద్యం గానీ రికార్డు చేస్తారా? అయితే రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌నీ హెడ్‌ఫోన్స్‌నీ కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక మైక్ కొనండి. రెండు హెడ్‌ఫోన్ అవుట్‌పుట్లు ఉన్న ఇంటర్‌ఫేస్ దొరికితే అదే తీసుకోండి. ఇద్దరు పనిచేసేచోట ఆ రెండో రంధ్రం విలువ ఎక్కువ. చవకగా దొరికే వై ఆకారపు స్ప్లిటర్ పెడితే, రెండు హెడ్‌ఫోన్స్ వేర్వేరు రకాలైనప్పుడు ఒకరికి గట్టిగా, ఇంకొకరికి మెల్లగా వినిపిస్తుంది. ఆ తర్వాత బేస్ (లోతైన కింది స్థాయి శబ్దం) ఎక్కువైందా, తక్కువైందా అని వాదన మొదలవుతుంది. నిజానికి ఇద్దరూ వింటున్నది ఒకటి కాదు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఈ పనికి వద్దు. మెట్టు నొక్కాక శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది, దానితో తాళం తప్పుతుంది.

స్పీకర్లు, పెద్ద కీబోర్డు, ఖరీదైన ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కి అదనంగా చేర్చే వాయిద్యాలు, ఎఫెక్టులు) మొదటి పాట పూర్తయ్యాక చూసుకోవచ్చు.

సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు ఒక మాట. ఉప్పుగాలికి జాక్‌లు, కేబుల్ చివరలు తొందరగా పాడవుతాయి. పని అయిపోగానే కేబుళ్లు తీసి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. కీబోర్డు మీద గుడ్డ కప్పండి. కిటికీ పక్కన ఏదీ వదిలేయకండి.

3. గది: డబ్బు పెట్టకముందు కుర్చీ జరపండి

మన ఫ్లాట్లలో చాలా పడకగదులు 10 అడుగులకు 10 అడుగులు. సంగీతానికి చదరపు గది కష్టమైనది. అంత గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర శబ్దం ప్రతిధ్వనించి ఉబ్బుతుంది. రెండు జతల గోడలూ అదే కొలత కాబట్టి ఆ ఉబ్బు రెట్టింపుగా తెలుస్తుంది. కిక్ డ్రమ్ము (తాళాన్ని నడిపే లోతైన దెబ్బ), బేస్ ఉండేది సరిగ్గా అక్కడే. గోడ దగ్గర కూర్చున్నవారికి బేస్ గుమ్మని వినిపిస్తుంది, గది నడిమధ్యలో ఉన్నవారికి దాదాపు మాయమవుతుంది. ఒకే గదిలో ఇద్దరి అభిప్రాయాలు కలవకపోవడానికి ఇదొక కారణం.

1. బల్లను ఒక గోడకు మధ్యగా పెట్టండి, మూలకు వద్దు.
2. వినేవారి తల ముందు గోడ నుంచి సుమారు 4 అడుగుల దూరంలో ఉండాలి.
3. స్పీకర్లుంటే రెండు స్పీకర్లూ మీ తలా సమభుజ త్రిభుజంలా ఉండాలి. స్పీకర్లలో సన్నటి శబ్దాలిచ్చే చిన్న భాగం (ట్వీటర్) చెవి ఎత్తుకు రావాలి.
4. బేస్ గురించి ఏదైనా తేల్చాలంటే మౌస్ పట్టుకున్న కుర్చీలోనే ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కూర్చుని వినాలి.
5. చివరి మాట హెడ్‌ఫోన్స్‌కే వదలండి.

టైల్స్ నేల, నున్నటి గోడలు ఉన్న గదిలో చప్పట్లు కొడితే గణగణమంటుంది. నేలమీద బొంత పరిచి, మీ వెనక గోడకు పరుపు నిలబెట్టి, బట్టల బీరువా తలుపు తెరిచి ఉంచితే ఆ గణగణ చాలావరకు తగ్గుతుంది. బేస్ మాత్రం వీటికి లొంగదు. గుడ్డు అట్టలు అతికించడం అసలు దండగ.

పక్కింటివాళ్ల సంగతి కూడా చూడాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. బేస్ గోడ దాటి పోతుంది కాబట్టి రాత్రి 10 తర్వాత హెడ్‌ఫోన్సే వాడండి. కింది పోర్షన్ ఆంటీగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఎన్నో గొడవలు తప్పుతాయి.

4. సాఫ్ట్‌వేర్, సెట్టింగులు

ఏబుల్టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్, ఉచితంగా దొరికే ఎల్ఎమ్ఎమ్ఎస్, యాపిల్ వాడితే గరాజ్‌బ్యాండ్. వీటిలో దేనితోనైనా పాట అవుతుంది. ఇద్దరూ ఒకటే వాడటం ముఖ్యం. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టును మళ్లీ తెరిచి పని కొనసాగించలేం, కాబట్టి అది రుచి చూడటానికే. చాలా మిడి కీబోర్డులతో, ఇంటర్‌ఫేస్‌లతో ఏబుల్టన్ లైవ్ లైట్ ఉచితంగా వస్తుంది. కొనేముందు పెట్టె మీద చూడండి. సింథ్‌ల (శబ్దాలను పుట్టించే ఎలక్ట్రానిక్ వాయిద్యాల) కోసం వైటల్, సర్జ్ ఎక్స్‌టీ ఉచితం. మొదటి పాటకు ఆ రెండు చాలు, మరే ప్లగిన్ జోలికీ పోవద్దు.

రెండు కంప్యూటర్లలో ఒకేలా ఉండాల్సినవి:

- సాఫ్ట్‌వేర్ వెర్షన్. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఏబుల్టన్ ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు.
- శాంపిల్ రేట్ (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒకరు 44.1లో రికార్డు చేసిన ఫైలు 48లో మార్పిడి లేకుండా మోగితే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పెరుగుతుంది, పాట పరుగెడుతుంది.
- ప్లగిన్లు.

వాయిస్తున్నప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి సిద్ధం చేసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిల్స్ పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 2.7 మిల్లీసెకన్లు. మిక్సింగ్ (అన్ని ట్రాకులనూ సర్ది కలిపే పని) వేళకు 1024కి మార్చండి, కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంటుంది. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ లేకపోతే ఆసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకోండి.

5. మొదటి పూట: ఎనిమిది బార్లు బాగా కుదిరితే చాలు

తొలిరోజే పాటంతా చేసేద్దామని కూర్చోవద్దు. 120 వేగంలో ఒక బార్ (నాలుగు బీట్ల ఆవర్తం) 2 సెకన్లు. ఈ పూట 8 బార్లు, అంటే 16 సెకన్ల సంగీతం బాగా వస్తే చాలు.

*మొదటి వంతు: కిక్.* బార్‌కి నాలుగు దెబ్బలు, సమంగా. ఒక మంచి కిక్ శాంపిల్ (ముందే రికార్డు చేసిన చిన్న శబ్దం) ఎంచుకుని వదిలేయండి. వందల శాంపిల్స్ వింటూ కూర్చుంటే 25 నిమిషాలూ అందులోనే పోతాయి. 2, 4 దెబ్బల మీద చప్పట్లు వేయండి. దెబ్బకూ దెబ్బకూ సరిగ్గా మధ్యలో హైహ్యాట్ (చిన్న తాళాల చిక్ అనే శబ్దం) పెట్టండి. ఆదితాళం 8 అక్షరాలు ఇందులో రెండు బార్లలో ఒదుగుతాయి. మిశ్రచాపు లాంటి 7 లెక్క కావాలంటే ముందే టైమ్ సిగ్నేచర్ (బార్‌కి ఎన్ని దెబ్బలో చెప్పే సెట్టింగు) 7/8 పెట్టుకోవాలి. మధ్యలో మారిస్తే పెట్టినదంతా కదిలిపోతుంది.

*రెండో వంతు: స్వరాలు.* ఇక్కడ నాకెంతో ఇష్టమైన పద్ధతి ఒకటి చెబుతాను. కీబోర్డు మీద నల్లమెట్లు మాత్రమే వాడండి. ఒక స్థాయిలో అవి ఐదే ఉంటాయి, ఆ ఐదింట్లో ఏది నొక్కినా ఇంకోదానితో గొడవపడదు. సంగీతం నేర్చుకోని స్నేహితుడు కూడా ధైర్యంగా వాయించగలడు. ఏ మెట్టును షడ్జమం చేసుకుంటే ఆ రాగం వస్తుంది. మన సంగీతంలో దీన్నే గ్రహభేదం అంటారు.

- ఎఫ్ షార్ప్ షడ్జమమైతే మోహన
- జీ షార్ప్ అయితే మధ్యమావతి
- ఏ షార్ప్ అయితే హిందోళం
- సీ షార్ప్ అయితే శుద్ధ సావేరి
- డీ షార్ప్ అయితే శుద్ధ ధన్యాసి

గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) లేకుండా రాగం పూర్తిగా పలకదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయినా పాటకు ఒక రంగు వచ్చేస్తుంది. చీకటిగా, లోతుగా ఉండే టెక్నోకి హిందోళం, వెలుగుగా ఉండే హౌస్‌కి మోహన ఎంచుకుని చూడండి. పిచ్ బెండ్ చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారితే సింథ్‌లో కూడా కొంత గమకం దొరుకుతుంది.

*మూడో వంతు: బేస్.* షడ్జమాన్నే కింది స్థాయిలో పెట్టండి. హిందోళం తీసుకుంటే ఆ ఏ షార్ప్ సుమారు 58 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఇందాక చెప్పిన గది ఉబ్బు పక్కనే కాబట్టి హెడ్‌ఫోన్స్‌లోనే సరిచేయండి. హిందోళంలో పంచమం లేదు, అందుకని బేస్‌కి తోడుగా అలవాటుకొద్దీ పంచమం కలిపితే రాగం చెడుతుంది. మధ్యమం కలపండి.

*నాలుగో వంతు: తీసేయడం.* ఉన్నవాటిలో ఒక్కొక్కటీ మ్యూట్ చేసి వినండి. తీసేసినా లోటు తెలియనిది పాటకు అక్కర్లేదు.

లేచేముందు ఫైలును తేదీ, వంతు ఎవరిదో తెలిసేలా పేరుపెట్టి సేవ్ చేయండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ నిజంగా" అనే పేర్లు వద్దు.

6. ఊరి శబ్దాలు పాటలోకి తేవడం

అందరూ వాడే శాంపిల్ ప్యాక్‌లే మీరూ వాడితే పాట ఎక్కడిదో తెలియదు. విశాఖలో ఉంటూ సముద్రాన్ని వదిలేయడం నాకు నచ్చదు. ఫోన్‌లో డబ్ల్యూఏవీ (నాణ్యత తగ్గకుండా శబ్దాన్ని దాచే ఫైలు రకం) రికార్డు చేసే యాప్ వేసుకుని పొద్దున్నే వెళ్లండి. గాలి తక్కువ ఉంటుంది, జనం ఉండరు.

ఒకరు రికార్డు చేయాలి, ఇంకొకరు ఏ నిమిషంలో ఏం వినిపించిందో రాసుకోవాలి. అలలకు దగ్గరగా, గాలికి వీపు పెట్టి, ఫోన్ మైకు మీద పల్చటి స్పాంజి కట్టి నిలబడండి. పది నిమిషాలు కదలకుండా రికార్డు చేస్తే చాలు.

ఇంటికి వచ్చాక ఆ శబ్దంలో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తీసేయండి, గాలి రొద పోతుంది. అల విరిగే చోట చిన్న ముక్క కత్తిరించి హైహ్యాట్ స్థానంలో పెట్టండి. పొడుగాటి అలను ఫిల్టర్ కొద్దికొద్దిగా తెరుస్తూ పాట ఎత్తుకునే చోట వాడండి. ఫిషింగ్ హార్బర్ పడవ ఇంజను, పూర్ణా మార్కెట్ కేకలు, రైల్వే గేటు గంట కూడా ఇలాగే ముక్కలై తాళంలో కూర్చుంటాయి.

మూడు జాగ్రత్తలు. నేవీకి చెందిన ప్రాంతాల్లో, ఫొటోలు తీయకూడదన్న బోర్డులు ఉన్నచోట రికార్డింగ్ పెట్టొద్దు. తప్పెటగుళ్లు లాంటి ఉత్తరాంధ్ర కళలను రికార్డు చేయాలనుకుంటే కళాకారులను ముందే అడిగి, దేనికి వాడతారో చెప్పి, డబ్బిచ్చి, పాటలో పేరు వేయండి. సినిమా పాట ముక్కను అనుమతి లేకుండా వాడొద్దు. రికార్డింగ్ హక్కుదారులు, బాణీ హక్కుదారులు, ఇద్దరి అనుమతీ కావాలి.

7. ఎనిమిది బార్లను పాటగా పెంచడం

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఎనిమిది బార్లు తిరిగి తిరిగి మోగుతుంటాయి, వినగా వినగా మొహం మొత్తుతుంది. కాగితం మీద ముందే లెక్క వేయండి:

- ప్రారంభం 8 బార్లు
- స్వరం ప్రవేశం 16
- ఎత్తుకోవడం 8
- ముఖ్యభాగం 16
- నెమ్మది 16
- ముఖ్యభాగం మళ్లీ, మార్పులతో 32
- ముగింపు 8

మొత్తం 104 బార్లు. 120 వేగంలో 3 నిమిషాల 28 సెకన్లు. మీ దగ్గరున్న అన్నిటినీ ముందు ముఖ్యభాగంలో పెట్టేసి, అక్కడి నుంచి వెనక్కి ఒక్కొక్కటీ తీసేస్తూ రండి. ప్రతి 8 బార్లకూ ఒకటి చేరాలి, లేదా ఒకటి పోవాలి. ఈ పని ఒక్కరే ఒక పూటలో చేయాలి. రెండోవారు మరునాడు కొత్త చెవులతో విని, ఎక్కడ విసుగొచ్చిందో నిమిషం, సెకను రాయాలి.

8. ఎవరింట్లో వాళ్లు పనిచేసేటప్పుడు

ఫైలు ఎవరి దగ్గరుంటే వంతు వాళ్లది. ఇద్దరూ ఒకేసారి రెండు కాపీల మీద పనిచేస్తే వాటిని కలపడానికి ఇంకో వారం పడుతుంది. పంపేముందు:

- ఏబుల్టన్‌లో "కలెక్ట్ ఆల్ అండ్ సేవ్", ఎఫ్ఎల్ స్టూడియోలో "జిప్డ్ లూప్ ప్యాకేజ్" వాడి శాంపిల్స్‌తో సహా సేవ్ చేయండి.
- సాఫ్ట్‌వేర్లు వేరైతే ప్రతి ట్రాకునూ మొదటి బార్ నుంచే 24 బిట్ డబ్ల్యూఏవీగా తీయండి. గొంతు 40వ బార్‌లో మొదలైనా ఫైలు ఒకటో బార్ నుంచే ఉండాలి. అప్పుడే అన్నీ సరిగ్గా వరుసలో పడతాయి.
- వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. పెద్దవైతే గూగుల్ డ్రైవ్ లింక్.
- ఏం చేశారో మూడు వాక్యాలు రాయండి. "ఎలా ఉందో చెప్పరా" అని వదిలేయకుండా, ఏం కావాలో అడగండి.

బ్యాకప్ గురించి గట్టిగా చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లు ఎన్నో. పైకప్పులు, కిటికీలు పోయి సామాను తడిసిన ఇళ్లూ ఉన్నాయి. మీ పాట కాపీ ఒకటి మీ స్నేహితుడి ఇంట్లో, ఒకటి మీ ఇంట్లో, మూడోది ఆన్‌లైన్‌లో ఉండాలి.

9. మిక్సింగ్

ఒకే రోజు ఇద్దరూ మిక్సింగ్ చేయొద్దు. ఒకరు చేసి ఇవ్వాలి, ఇంకొకరు రాతలో ఐదు మార్పులే అడగాలి. తర్వాత పాత్రలు మార్చుకోవచ్చు.

1. అన్ని ట్రాకులూ కిందికి లాగేసి, కిక్‌తో మొదలుపెట్టండి. అది సాఫ్ట్‌వేర్ మీటరు మీద (అక్కడ 0 పైహద్దు) మైనస్ 10 డెసిబెల్స్ చుట్టూ ఉండనివ్వండి.
2. బేస్ చేర్చండి. రెండూ ఒకదాన్ని ఒకటి మింగేస్తుంటే సైడ్‌చెయిన్ కంప్రెషన్ (ఒక శబ్దం వచ్చినప్పుడు ఇంకోదాన్ని తగ్గించే ఎఫెక్టు) పెట్టండి. కిక్ పడ్డప్పుడు బేస్ తగ్గి, 150 నుంచి 250 మిల్లీసెకన్లలో తిరిగి రావాలి. 120 వేగంలో దెబ్బల మధ్య దూరం 500 మిల్లీసెకన్లు కాబట్టి అది సరిపోతుంది.
3. కిక్, బేస్ కాక మిగతావాటిలో 100 హెర్ట్జ్ కింద ఉన్నది తీసేయండి.
4. బేస్‌ను మోనోలోనే (రెండు చెవులకూ ఒకేలా) ఉంచండి.
5. నమూనా పాటతో పోల్చేముందు రెండింటి వాల్యూమ్ సమానం చేయండి. లేకపోతే గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది.
6. ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, ఇంట్లో టీవీలో వినండి. ఫోన్‌లో బేస్ అసలు వినిపించకపోతే దానికి కొంచెం డిస్టార్షన్ కలపండి. పై స్వరాంశాలు పుట్టి చిన్న స్పీకర్‌లో కూడా తెలుస్తుంది.

10. తరచూ వచ్చే ఇబ్బందులు

*గుయ్‌మని రొద.* చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. రొద పోతే కారణం చార్జరే. అన్నిటినీ ఎర్తింగ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ విరగ్గొట్టొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ నడుస్తున్నప్పుడే రొద వస్తుంటే అది స్క్వేర్ వేవ్ రకం (కరెంటును నున్నగా ఇవ్వని రకం) అయ్యుండొచ్చు. అప్పుడు రికార్డింగ్ ఆపి, ఎడిటింగ్ చేసుకోండి.

*టప్ టప్ అని పగుళ్లు.* బఫర్ పెంచండి, బ్రౌజర్ మూసేయండి, బరువైన సింథ్ ట్రాకులను ఫ్రీజ్ చేయండి (తాత్కాలికంగా ఆడియోగా మార్చండి).

*గొంతు రికార్డింగులో ఫ్యాను చప్పుడు.* విశాఖ ఉక్కలో ఫ్యాను ఆపడం కష్టమే. గది ముందే చల్లబరిచి, ఫ్యాను ఆపి, ఒక్కో చరణమే రికార్డు చేసి మళ్లీ వేయండి. వంటింట్లో మిక్సీ ఎప్పుడు వేస్తారో అమ్మని ముందే అడగండి.

*ఇద్దరికీ కుదరని చోటు.* రెండు రకాలుగా చేసి, పేర్లు పెట్టకుండా రెండు రోజుల తర్వాత వినండి. అప్పటికీ తేలకపోతే ఆ భాగం మొదలుపెట్టినవారి మాటే నెగ్గాలి. ఈ నియమం కూడా మొదటిరోజే రాసుకోండి.

11. విడుదల

మాస్టరింగ్‌కి (విడుదలకు ముందు చివరి మెరుగు) లిమిటర్ ఒక్కటి చాలు, అది శబ్దం హద్దు దాటకుండా ఆపుతుంది. ట్రూ పీక్ (శబ్దం అసలు చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడండి. స్పాటిఫై మామూలుగా పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే గట్టిదనపు కొలత) దగ్గరకు సర్దుతుంది, కాబట్టి గట్టిదనం కోసం పాటను నలిపేస్తే ఒరిగేదేమీ లేదు.

- డిస్ట్రిబ్యూటర్ (పాటను స్పాటిఫై లాంటి వాటికి చేర్చే సంస్థ) ఖాతా ఒకరి పేరున ఉన్నా, పాస్‌వర్డ్, చెల్లింపుల వివరాలు ఇద్దరికీ తెలియాలి.
- ఇద్దరి పూర్తి పేర్లూ స్వరకర్తలుగా నమోదు చేయండి. జంటకు పెట్టుకున్న పేరు ఆర్టిస్ట్ పేరుగా సరిపోతుంది.
- విడుదల తేదీకి కనీసం మూడు వారాల ముందే అప్‌లోడ్ చేయండి.
- కవర్ బొమ్మ 3000 పిక్సెల్స్ చదరం.
- పాటకు వచ్చిన 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ సంఖ్యను (ఆ రికార్డింగ్‌ను గుర్తించే కోడ్) వాటా రాసుకున్న వాట్సాప్ సందేశం కిందే రాసి పెట్టండి.
- ప్రతి ట్రాకునూ డబ్ల్యూఏవీగా తీసి రెండు డ్రైవ్‌లలో దాచండి. కొన్నేళ్ల తర్వాత ఆ ప్లగిన్లు తెరుచుకోకపోవచ్చు, డబ్ల్యూఏవీ తెరుచుకుంటుంది.